పదకొండో భాగంలో లేని మాట

గుర్‌గావ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేటు గారి సమక్షంలో 2007 ఆగస్టు 6, సోమవారం, ఉదయం 11.20కి మొదలుపెట్టి నమోదు చేసిన వాంగ్మూలం.

నా పేరు అరుంధతి. తండ్రి పేరు కీర్తిశేషులు సదాశివరావు గారు. వయసు అరవై ఒకటి. పెళ్ళి కాలేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఆరేళ్ళు స్టెనోగ్రాఫరుగా పనిచేసి నిరుడు ఏప్రిల్ 30న రిటైరయ్యాను. స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా తణుకు. ప్రస్తుతం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఒక గది, వంటిల్లు ఉన్న ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటున్నాను.

నేను చెప్పి తీరాలన్న నిర్బంధం లేదనీ, చెబితే అది నా మీదే వాడవచ్చుననీ మెజిస్ట్రేటు గారు రెండుసార్లు హెచ్చరించారు. రెండుసార్లూ అర్థమైందన్నాను. "ఆప్ కో హిందీ తో ఆతీ హై, హిందీ మే బోలియే" అన్నారు ఆవిడ. హిందీ వచ్చు. కాని ఈ సంగతంతా జరిగింది తెలుగులో, కనుక తెలుగులోనే చెబుతానని మనవి చేసుకున్నాను. ఒప్పుకున్నారు. నేను చెబుతుంటే రాస్తున్నవారు ధర్మయ్యగారు, అనువాదకుడిగా రిటైరైనవారు. దీనికి హిందీ నకలు కూడా ఆయనే తయారుచేస్తారు. ఉన్నది ఉన్నట్టు దించమనీ, సొంత మాట ఒక్కటి కూడా కలపవద్దనీ ఆయనకు ముందే చెప్పాను. "నాది ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసమ్మా, నాకు చెబుతారా?" అని ఆయనకు కోపం వచ్చింది. రానివ్వండి, చెప్పవలసిన మాట కాబట్టి చెప్పాను.

ముందు అసలు విషయం రాయండి. జూలై 26, గురువారం మధ్యాహ్నం 3.40కి, ఉద్యోగ్ విహార్‌లోని మృదంగ్ హోమ్ వీడియో అనే కంపెనీ ఆఫీసు నుంచి ఒక ఆడియో క్యాసెట్టు పట్టుకుపోయింది నేను. నేనొక్కదాన్నే. అక్కడ సౌండ్ ఇంజనీరుగా పనిచేసే వర్షిణి అనే అమ్మాయికి ఇందులో ఏ సంబంధమూ లేదు. ఆమె ఇవ్వలేదు, ఆమె చూడలేదు, ఆమెతో నేను చెప్పలేదు. దొంగతనం ఆ పిల్ల మీద పెట్టి మూడు రోజులు ఠాణా చుట్టూ తిప్పారని తెలిసి నా అంతట నేనే వచ్చాను. క్యాసెట్టు కూడా తెచ్చాను. ఇప్పుడది మెజిస్ట్రేటు గారి బల్ల మీద నీళ్ళ గ్లాసు పక్కన ఉంది. ఆ గ్లాసు కొంచెం దూరంగా జరపమని కోరుతున్నాను.

అది తొంభై నిమిషాల క్యాసెట్టు. మీద మా అమ్మ కాంతమ్మ చేతిరాతలో "ఆదివారం కథ 10, 11" అని ఉంది. లోపల మా ఆఫీసులో పనిచేసిన సుధీంద్రగారి గొంతు ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు, నాకు దొరికేది మాత్రం ఇదొక్కటే. కేసు తేలేదాకా దీన్ని సీలు వేసి ఠాణా మాల్‌ఖానాలో, అంటే కేసు వస్తువులు దాచే గదిలో, పెడతామని ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. ఎన్నాళ్ళకు తేలుతుందని అడిగితే "యే తో భగవాన్ జానే, మేడం" అన్నారు, దేవుడికే తెలియాలని. ఇరవై ఏళ్ళ నాటి టేపు అది. తిరిగొచ్చేనాటికి అది ఉంటుందో ఊడుతుందో, నేను ఉంటానో ఊడతానో. సీలు వేసేముందు దానికి ఒక నకలు తీయించుకోనివ్వమని నా ప్రార్థన. అందుకు అది నాదేనని గుర్తు చెప్పమన్నారు. చెబుతాను. వరసలో చెబుతాను, మధ్యలో ప్రశ్నలు వేయవద్దు.

1987లో నేనూ మా అమ్మా ఆర్.కె.పురం సెక్టార్ 3లో ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఆ ఏడాది ఏప్రిల్ 5 నుంచి జూన్ 28 దాకా ప్రతి ఆదివారం ఉదయం పదకొండు గంటలకు టీవీలో "ఘంటాఘర్ కే పీఛే" అనే హిందీ సీరియల్ వచ్చింది. పదమూడు భాగాలు. ఒక చిన్న ఊళ్ళో గడియారపు స్తంభం వెనక సందులో వాచీలు బాగుచేసే దీనానాథ్ అనే నడివయసు మనిషి, ఆ కొట్టు పైన మేడలో అద్దెకుండే సుమిత్ర అనే టీచరమ్మ, వాళ్ళ కథ అది. మా అమ్మకు హిందీ ముక్క రాదు. ఢిల్లీ వచ్చి తొమ్మిదేళ్ళయినా పాలవాడితో కూడా తెలుగులోనే మాట్లాడేది. చివరికి పాలవాడే తెలుగు నేర్చుకున్నాడు.

టీవీలో వచ్చేవి అమ్మకు తెలుగులో చెప్పే పని అంతవరకు నాది. నేను బాగా చెప్పేదాన్ని కాదు. తెర మీద వాళ్ళు పది నిమిషాలు మాట్లాడుకుంటే "పోట్లాడుకుంటున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేదాన్ని. "అంతసేపు వాగింది ఇంతేనటే?" అని అమ్మ సణిగేది. నాకు హిందీ సరిగా రాదని తీర్మానించేసుకుంది. నాకు వచ్చు. ప్రభుత్వోద్యోగులకు పెట్టే హిందీ పరీక్షల్లో పైదైన ప్రాజ్ఞ 1979లోనే పాసయ్యాను, దానికి ఏడాది పాటు ఇంక్రిమెంటు కూడా ఇచ్చారు. ఓపిక లేక అలా చెప్పేదాన్ని, అంతే.

సుధీంద్రగారు మా ఆఫీసులోనే, సిబ్బంది కాగితాలు చూసే సెక్షన్లో గుమాస్తా. కర్నూలు జిల్లా ఆదోని మనిషి. అప్పటికి ముప్పై ఏడేళ్ళు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. పెళ్ళి కాలేదు. మునిర్కాలో చిన్న గది, టీవీ లేదు. ఏప్రిల్ 5న ఊరి నుంచి వచ్చిన బొరుగుల మూట ఇచ్చి పోదామని మా ఇంటికి వచ్చారు. సీరియల్ మొదటి భాగం అప్పుడే మొదలైంది. "నీకు హిందీ వచ్చా నాయనా? మా అమ్మాయిది కూరగాయల హిందీ. బేరం ఆడటానికి తప్ప దేనికీ పనికిరాదు" అంది అమ్మ. ఆయన నా వైపు చూశారు. నాకు వచ్చునని నేను చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆయన కూర్చోవాలని నాకు అనిపించింది. ఇంకో కారణం లేదు.

కూర్చున్నారు. కూర్చుని, ఎవరి మాట వాళ్ళ గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. "ఏమంటాండాడంటేనమ్మా" అని ఎత్తుకునేవారు ప్రతిసారీ. దీనానాథ్ మాట మెల్లగా, ఇంటి ఓనరు మాట ముక్కుతో, పోలీసు మాట బొంగురుగా. సుమిత్ర మాట వచ్చేసరికి ఆడగొంతు పెట్టబోయి సిగ్గుపడి మామూలు గొంతుతోనే చెప్పేవారు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. మా అమ్మ అలా నవ్వడం మా నాన్న పోయాక నేను చూడలేదు. మూడో వారానికి పక్క బ్లాకుల తెలుగువాళ్ళు పీటలు తెచ్చుకుని మా ముందుగదిలో చేరారు. ఆదివారం పొద్దున మా ఇంట్లో సీరియల్ తెలుగులో వస్తుందని కాలనీలో చెప్పుకునేవారట.

నేను పగలంతా ఆఫీసులో ఉంటే అమ్మకు తోచదు. వారం మధ్యలో మళ్ళీ వినడానికని, టీవీ ముందు పీట వేసి దాని మీద మా టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేయించుకునేది. కాబట్టి ఆ క్యాసెట్టులో వెనక టీవీ హిందీ ఉంటుంది, దాని మీద సుధీంద్రగారి తెలుగు ఉంటుంది, వీటన్నిటి వెనక మా కూలరు మోత ఉంటుంది.

ఆదివారాలు నేను పొద్దున్నే తలంటి పోసుకుని ఇస్త్రీ చీర కట్టుకునేదాన్ని. ఆయన పదిన్నరకు వచ్చేవారు. పెసరట్టు పెట్టేదాన్ని, కాఫీ ఇచ్చేదాన్ని, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, నాకు తెలిసిన హిందీని ఆయన నోట తెలుగులో మళ్ళీ వినేదాన్ని. ఆ పదకొండు వారాలు ఆదివారం ఎప్పుడొస్తుందా అని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళ దాన్ని. నాకు సిగ్గు వేసింది, అయినా లెక్కపెట్టుకున్నాను.

జూన్‌లో ఆయనకు ప్రమోషన్ మీద షిల్లాంగ్ ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. జూలై 3న బండి ఎక్కారు. స్టేషనుకు ఆఫీసువాళ్ళం ఏడుగురం వెళ్ళాం. దండ కొనుక్కొచ్చింది నేనే, వేసింది మా సెక్షన్ ఆఫీసరు. తర్వాత మా అమ్మ పేర రెండు గ్రీటింగు కార్డులు, 1989లో ఒక పెళ్ళి శుభలేఖ వచ్చాయి. 1994లో అమ్మ పోయింది. అంతకు ముందే మిగతా క్యాసెట్ల మీద భజనలు రికార్డు చేసేసుకుంది ఆవిడ. ఈ ఒక్కదాన్ని నేను ముందే నా బీరువాలో దాచాను, కనుక మిగిలింది.

2001 నవంబరులో సుధీంద్రగారు షిల్లాంగ్‌లో గుండెపోటుతో పోయారని కబురు వచ్చింది. సంతాప తీర్మానం ఆఫీసరు డిక్టేటు చేశారు, నేను షార్ట్‌హ్యాండులో దించుకున్నాను. "భార్యను, ఒక కుమారుణ్ణి విడిచి" అన్నారు. అసూయ పడలేదంటే అబద్ధమవుతుంది, ఇక్కడ అబద్ధం చెప్పకూడదు. ఒక్క తప్పు రాకుండా టైపు చేశాను. ఆరు కాపీలు. అందరం రెండు నిమిషాలు నిలబడి మళ్ళీ సీట్లలో కూర్చున్నాం.

ఇక కంపెనీ సంగతి. ఈ ఏడాది జనవరి 21, ఆదివారం పేపర్లో ప్రకటన చూశాను. మృదంగ్ వారు పాత టీవీ సీరియళ్ళు డిస్కుల మీద విడుదల చేస్తున్నారు. "ఘంటాఘర్ కే పీఛే" పదమూడు భాగాల్లో రెండింటికి, అంటే 10, 11 భాగాలకు, గోడౌన్లో చెమ్మ పట్టి బొమ్మ మిగిలింది గాని శబ్దం పోయింది. ఎవరి దగ్గరైనా ఏ రూపంలోనైనా రికార్డింగు ఉంటే ఇవ్వమని అడిగారు. అప్పటికే నా క్యాసెట్టు కీచుమనడం మొదలుపెట్టింది. ఆయన గొంతు నెలనెలకీ బరువెక్కుతోంది. ఎక్కడ తెగుతుందోనని ఏడాదిగా పెట్టడమే మానేశాను.

ఫిబ్రవరి 6, మంగళవారం, మహిపాల్‌పూర్ దగ్గర బస్సు మారి ఆ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు దశరథ్ గారు చాలా మర్యాద చేశారు. "మేడం, ఏక్ బార్ డిస్క్ పే ఆ గయా తో సమఝియే అమర్ హో గయా" అన్నారు. డిస్కు మీదికి ఎక్కితే ఇక చావు లేదని. సుధీంద్రగారి గొంతు కూడా దానితోపాటు ఎక్కుతుందని నేను అనుకున్నాను. దేశమంతా కొనుక్కునే డిస్కులో ఎవరో గుమాస్తా తెలుగు ఎందుకు ఉంచుతారు? ఆ మాత్రం తెలివి నాకు ఆ రోజు లేదు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టి మంచి మిషన్లో క్యాసెట్టు వినిపించారు. కీచు లేదు, బరువు లేదు. "ఏమంటాండాడంటేనమ్మా" అని నా చెవిలోనే అన్నట్టు వినబడింది. అప్పుడు ఒక కాగితం నా ముందు పెట్టారు. సంతకం చేశాను. ఇచ్చిన వస్తువు కంపెనీ సొంతమవుతుందని అందులో ఉందని తర్వాత తెలిసింది. అలాంటి కాగితాలు వేలకు వేలు టైపు చేసినదాన్ని. చదవకుండా సంతకాలు పెట్టేవాళ్ళను చూసి నవ్వినదాన్ని.

జూన్ 16, శనివారం, వసంత్ కుంజ్ మార్కెట్లో డిస్కుల పెట్టె దొరికింది. ఇంటికి వచ్చి తలుపు గడియ వేసి, ఇస్త్రీ చీర కట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఆ మాట కూడా రాయండి ధర్మయ్యగారూ, ఎందుకు ఆపారు? పదకొండో భాగం పెట్టాను. హిందీ గలగలా వస్తోంది. ఆయన లేరు. ఆయన గొంతు హిందీ మీద పడిన చోటల్లా కొత్త నటుల చేత మళ్ళీ చెప్పించారు. కూలరు మోత కూడా తీసేశారు. మూడుసార్లు చూశాను, సౌండు పెంచి చూశాను. డిస్కు మెనూలో భాష మార్చే చోటు ఉంటే అందులో తెలుగు ఉందేమోనని వెతికాను. తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉన్నాయి.

జూన్ 20న, జూలై 2న, జూలై 16న కంపెనీకి వెళ్ళి నా క్యాసెట్టు నాకు ఇమ్మన్నాను. "అగ్లే హఫ్తే ఆయియే" అన్నారు రెండుసార్లు, వచ్చే వారం రమ్మని. మూడోసారి దశరథ్ గారు నేను సంతకం చేసిన కాగితం చూపించారు. సీరియల్ తీసిన పెద్దమనిషికి జూలై 28న సన్మానం ఉందనీ, ఆ క్యాసెట్టును అద్దాల ఫ్రేములో బిగించి ఆయనకు జ్ఞాపికగా ఇస్తామనీ చెప్పారు. బదులుగా నాకొక డిస్కుల పెట్టె ఉచితమన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం! ఒళ్ళు మండిపోయింది నాకు. మెయిన్ కంప్యూటర్లో ఉన్న అసలు శబ్దమైనా ఇమ్మన్నాను. పని అయిపోగానే చోటు కోసం తుడిచేశామన్నారు.

జూలై 26న చివరిసారి ఒక్కసారి విని పోతానని బతిమాలాను. వర్షిణి గదిలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల తెలుగువాళ్ళ అమ్మాయే గాని గుర్‌గావ్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. విన్నాను. అయిపోయాక ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆంటీ, ఏక్ బాత్ పూఛూఁ? గ్యారహ్ నంబర్ మే ఏక్ లైన్ హై, జో స్క్రిప్ట్ మే హై హీ నహీ. మైనే తీన్ బార్ చెక్ కియా. అంకుల్ కిస్ సే కహ్ రహే థే?" అని అడిగింది. పదకొండో భాగంలో, స్క్రిప్టులో లేని ఆ మాట ఆయన ఎవరితో అన్నారని. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆ అమ్మాయి. నా ముఖం చూసి భయపడి మంచినీళ్ళ కోసం పరుగెత్తింది. ఆ సమయంలో మిషన్లోంచి క్యాసెట్టు తీసి నా సంచిలో, టిఫిను డబ్బా కింద పెట్టుకున్నాను. గేటు దగ్గర గార్డు సంచి చూసి ఇదేమిటన్నాడు. భజనలు అన్నాను. రిజిస్టర్లో నా పేరు, 3.40 అని టైము రాసి సంతకం చేశాను.

ఆగస్టు 3, శుక్రవారం సాయంత్రం వర్షిణి ఫోను చేసింది. ఏడుస్తోంది. క్యాసెట్టు తన గదిలోంచే పోయింది కనుక, పైరసీవాళ్ళకు అమ్ముకుందని తన మీద ఫిర్యాదు ఇచ్చారట. "ఆంటీ, అగర్ ఆప్ కే పాస్ హై తో రఖ్ లీజియే. మైనే కిసీ కో నహీ బతాయా" అంది. నా దగ్గర ఉంటే ఉంచుకోమంది, తాను ఎవరికీ చెప్పలేదంది. ఉద్యోగం ఊడి, ఠాణాలో కూర్చుని, నాకోసం ఆ పిల్ల నోరు విప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఠాణాకు వచ్చాను.

ఇప్పుడు గుర్తు చెబుతాను. క్యాసెట్టు రెండో వైపు, మొదటి నుంచి పద్దెనిమిదో నిమిషం. అది జూన్ 14, 1987. వేసవి సెలవులు, కాలనీ తెలుగువాళ్ళందరూ ఊళ్ళకు పోయారు. గదిలో అమ్మ, ఆయన, నేను. తెర మీద దీనానాథ్ సుమిత్రకు ఆమె వాచీ తిరిగి ఇస్తాడు. "ఆప్ కీ ఘడీ ఠీక్ హో గయీ హై, అబ్ నహీ రుకేగీ" అంటాడు. హిందీలో అంతే ఉంది. ఆమె ఏమీ అనకుండా మబ్బుల వైపు చూస్తుంది, సంగీతం వస్తుంది. డిస్కు పెట్టి చూడవచ్చు.

సుధీంద్రగారు ఇలా చెప్పారు. "ఏమంటాండాడంటేనమ్మా, మీ వాచీ బాగైంది, ఇంక నిలిచిపోదు అంటాండాడు. నాకు దూరంగా వేరే ఊర్లో పని ఇచ్చినారు. మీరు ఉండమంటే ఆ పని నాకొద్దని రాసిచ్చి ఈడనే ఉంటా. ఒక్క మాట చెప్పండి చాలు, అంటాండాడు."

మా అమ్మ, "ఓరి వీడి దుంపతెగ! వాచీల కొట్టువాడికి వేరే ఊళ్ళో ఉద్యోగమేవిటి? సరేలే, ఆ పిల్ల ఏమంటోంది?" అంది.

తర్వాత తొమ్మిది సెకన్లు కూలరు మోత, టీవీ సంగీతం. తర్వాత స్టూలు జరిగిన చప్పుడు. "కాఫీ చల్లారిపోతోంది" అని ఒక ఆడగొంతు. అది నాది. ఆ తర్వాత ఆయన, "ఏమీ అనలేదమ్మా" అన్నారు.

ఆ మాట హిందీలో లేదని నాకు ఆ క్షణమే తెలిసింది. ఆయన షిల్లాంగ్ ఉత్తర్వు అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం, టైపు చేసింది నేను. అయినా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. జవాబు చెబితే నాకు హిందీ వచ్చునని బయటపడుతుంది. పదకొండు వారాలు ఆయన్ని ఎందుకు కూర్చోబెట్టుకున్నానో అమ్మ ముందు బయటపడుతుంది. పైగా నాకు హిందీ రాదనే కదా ఆయన నమ్మకం, కాబట్టి ఇది నాతో అన్నది కాదేమో, అది సీరియల్లో మాట కాదని నాకు తెలియదనే ధైర్యంతో తనలో తాను అనుకున్నదేమో అని సర్దిచెప్పుకున్నాను. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. వచ్చే ఆదివారం ఆయన రాలేదు. చివరి రెండు భాగాలూ అమ్మకు నేనే చెప్పాను.

పందొమ్మిదేళ్ళు అలాగే నమ్మాను. నిరుడు ఫిబ్రవరిలో పెన్షను కాగితాల కోసం నా సర్వీసు పుస్తకం నాకు చూపించారు. ప్రాజ్ఞ పాసైన సంగతి 1979లో ఎక్కించడం మరిచిపోయి, తర్వాత ఎక్కించారు. నీలం సిరా. "ప్రాజ్ఞ ఉత్తీర్ణులు, సరిచూడడమైనది" అని రాసి, కింద సంతకం, తేదీ. సంతకం సుధీంద్రగారిది. తేదీ 1987 ఫిబ్రవరి 11. సీరియల్ మొదలవడానికి దాదాపు రెండు నెలల ముందు. అంటే మొదటి ఆదివారం అమ్మ నాది కూరగాయల హిందీ అన్నప్పుడు ఆయన నా వైపు చూసింది, అంతా తెలిసే. అది సీరియల్లో లేదని నేను పసిగడతానని తెలిసే ఆ మాట అన్నారు. తొమ్మిది సెకన్లు నా జవాబు కోసమే ఆగారు. నేను కాఫీ అన్నాను. ఆయన దాన్నే జవాబనుకుని వెళ్ళిపోయారు. ఆ పుస్తకం మూసి గుమాస్తాకు ఇచ్చి, ఆఫీసు బాత్‌రూములో తలుపు వేసుకుని ఏడ్చాను.

క్యాసెట్టు నా దగ్గర ఉన్న తొమ్మిది రోజులూ రోజుకొకసారి విన్నాను. దానికోసం కొత్త ప్లేయరు కొన్నాను. నకలు తీయించడానికి మునిర్కాలో కొట్టువాడు ఒక రోజు ఉంచి వెళ్ళమన్నాడు. ఒకసారి చేయి వదిలితే ఏమయిందో చూశాను కనుక వదలలేదు. విన్న ప్రతిసారీ ఆ తొమ్మిది సెకన్ల దగ్గర, ఖాళీ ఇంట్లో, ఎవరూ లేరని తెలిసీ, నోరు తెరిచాను. తొమ్మిదిసార్లూ మాట రాలేదు.

గుర్తుకు ఇది చాలునని మెజిస్ట్రేటు గారు అంటున్నారు. ఒక్క వాక్యం మిగిలింది, అది కూడా రాసుకోమని కోరుతున్నాను. ఆ పిల్ల ఏమంటోందని మా అమ్మ అడిగినదానికి రికార్డులో తప్పు జవాబు ఉంది. దాన్ని సరిదిద్దవలసినది నేను తప్ప ఇంకెవరూ లేరు. రాయండి ధర్మయ్యగారూ. ఆ పిల్ల ఉండమంటోంది. వెళ్ళవద్దంటోంది, సుధీంద్రగారూ.

ఇది ఎవరి ఒత్తిడీ లేకుండా నా నోటితో నేను చెప్పినది. చదివి వినిపించగా పూర్తిగా విన్నాను. దిద్దవలసినది ఏమీ లేదు. చివరి మాట ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చెప్పాను గాని అదీ నిజమే.

(సంతకం) అరుంధతి
6-8-2007, మధ్యాహ్నం 1.05